పడవకు బ్రేకు లేదు!

ప్రొద్దుటూరు పేరు చెప్పగానే ఎవరికైనా బంగారు అంగళ్లు, బట్టల కొట్లు, దసరా వేడుకలు జ్ఞాపకం వస్తాయిగాని పడవలు జ్ఞాపకం రావు. పెన్న ఒడ్డున ఉన్న ఊరే అయినా, ఏటిలో నీళ్లకంటె ఇసుక కనిపించే రోజులే ఎక్కువ. అటువంటి ఊళ్లో కూర్చుని పడవ ఇంజను రివర్సు గేరు గురించి వ్యాసం వ్రాస్తానంటే మా ఇంటావిడే నవ్వింది. "ఇసుకలో నడిపేదానికా?" అని అడిగింది.

నవ్వదగిన మాటే. కాని రోజులు మారాయి. శ్రీశైలం నీళ్లు గాలేరు-నగరి పథకం కింద గండికోట జలాశయానికి చేరుతున్నాయి. అందులో 26.85 టి.ఎం.సి.ల నీళ్లు పట్టేటట్లు కట్టారు. అక్కడినుంచి ఎత్తిపోతల ద్వారా పులివెందుల వైపు పైడిపాలానికీ, చిత్రావతి జలాశయానికీ నీళ్లు తోడుతారు. జమ్మలమడుగు పక్కన మైలవరం జలాశయం ఉండనే ఉన్నది. సెలవులు వస్తే పిల్లలను వెంటబెట్టుకుని గండికోట చూడబోయే సంసారులు, కొండల నడుమ నీళ్లు కంటబడగానే "పడవ ఉందా?" అని అడుగుతున్నారు. పాపికొండలకో, గోవాకో, కేరళకో వెళ్లి పడవ ఎక్కి వచ్చినవారు మా వీధిలోనే నాలుగిళ్లవారున్నారు. కనుక పడవ సంగతి మనకెందుకని ఇకమీదట మనం అనలేము.

ఇక నా సంగతి. నేను ముప్ఫై ఏళ్లకు పైగా విశాఖపట్నం, చెన్నపట్నం రేవుల్లో పడవ ఇంజన్లు విప్పి బిగించి పొట్టపోసుకున్నవాణ్ణి. చేపల మరపడవలు, లాంచీలు, అప్పుడప్పుడు షోకుకోసం పెట్టుకున్న పాత తెరచాప పడవలు నా చేతిమీదుగా వెళ్లాయి. వాటన్నిటిలోను నాకు ఎక్కువసార్లు ఎదురైన ఫిర్యాదు ఒక్కటే: "ముందుకు బాగానే పోతుంది. వెనక్కి మాత్రం రాదు." ఆ మాట ఎంత ప్రమాదమైనదో, దాని మూలం చాలాసార్లు ఎంత చిన్నదో చెప్పాలని ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను.

వెనక్కి పోవడానికి కాదు, ఆగడానికి

రోడ్డుమీద బండికి చక్రాన్ని పట్టి నిలిపే బ్రేకు ఉన్నది. చక్రాన్ని పట్టుకోవడానికి కింద నేల ఉన్నది. నీటిమీద పడవకు ఆ రెండూ లేవు. ఇంజను ఆపివేసినా పడవ ఆగదు. తన బరువుతో తాను సాగిపోతూనే ఉంటుంది. అయిదు టన్నుల పడవ మనిషి నడిచేపాటి వేగంతో రాతిగోడ మీదికి వస్తూంటే, ఒడ్డున ఉన్నవాడు కాలు అడ్డం పెట్టి ఆపుదామనుకుంటే కాలు నుజ్జవుతుంది. అటువంటి పడవను ఆపే ఉపాయం ఒక్కటే. నీటిలో ఉన్న పంకాను, అంటే ప్రొపెల్లరును, ఎదురు దిక్కుగా తిప్పాలి. అది నీటిని ముందుకు నెడితే పడవ వెనక్కి లాగబడి నిలుస్తుంది. పడవలో రివర్సు గేరు ముఖ్యంగా పెట్టింది ఇందుకే. అదే దాని బ్రేకు.

తెరచాప పడవకు గాలే ఆధారం గదా, ఇంజను ఎందుకని మీరు అడగవచ్చు. నడిసముద్రంలో గాలి చాలు. కాని రేవులోకి వచ్చేటప్పుడు అటు పదిపడవలు, ఇటు పదిపడవలు, నడుమ సందు. అక్కడ గాలిని నమ్ముకుంటే పక్కవాడి పడవకు చిల్లి పడుతుంది. అందుకని పడవ పొట్టలో పదినుంచి ముప్ఫై గుర్రాల శక్తిగల చిన్న ఇంజను ఒకటి పెడతారు. ఏడాదిలో అది నడిచే గంటలు తక్కువ. ఆ తక్కువ గంటల్లోనూ రివర్సు పడేది రేవుగోడ నాలుగు బారల దూరాన ఉన్నప్పుడు. అప్పుడు అది పట్టకపోతే ఆలోచించడానికి వ్యవధి ఉండదు.

పులివెందుల బావ సందేహం

పులివెందులలో మా బావకు చీనీతోట ఉన్నది. పాతకాలపు ఆయిలింజను మొదలు ట్రాక్టరు వరకు అన్నీ విప్పి చూసిన మనిషి. ఒకనాడు మాటల్లో ఈ ప్రసంగం వస్తే, ఆయన తలకాయ గోక్కున్నాడు.

"నాకు తెల్వక అడుగుతాండా బావా. మా బాయికాడ ఇంజనుకు రివర్సే లేదు. ట్రాక్టరుకుంది. అది పడకపోతే గరగరమని పండ్లు కొరుకుతాది, తెలిసిపోతాది. పడవది గూడా అదే మాదిరేనా?"

మంచి ప్రశ్న వేశాడు. ట్రాక్టరులోనూ, లారీలోనూ వెనక్కి పోవాలంటే రెండు పళ్లచక్రాల నడుమకు మూడో చక్రం ఒకటి వచ్చి చేరుతుంది. అది రావడంతో తిరుగుడు దిక్కు మారుతుంది. పళ్లు పళ్లలో పడాలి కనుక బండి ఆగి ఉండాలి, లేకుంటే గరగరమంటుంది. పడవ గేరుబాక్సు సాధారణంగా అట్లా ఉండదు. అందులో పళ్లచక్రాలు ఎప్పుడూ పళ్లలోనే ఉంటాయి. ఒకటి ముందు దిక్కుకు, రెండోది వెనుక దిక్కుకు, రెండూ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. వాటి నడుమ ఒక క్లచ్చి ఉంటుంది. లివరు ఇటు తోస్తే క్లచ్చి ఈ చక్రాన్ని పట్టుకుంటుంది. అటు లాగితే ఆ చక్రాన్ని పట్టుకుంటుంది. నడుమ ఉంటే దేన్నీ పట్టుకోదు, అది న్యూట్రలు.

"తిరణాలలో ఇద్దరు పిల్లోళ్లు ఎదురూబొదురూ తిరుగుతాంటే, నడుమ ఉండేవాడు ఎవరి చెయ్యి పట్టుకుంటే ఆ పక్కకు తిరిగినట్ల" అన్నాడు బావ. నేను ముప్ఫై ఏళ్లు పనిచేసి ఇంత బాగా చెప్పలేకపోయాను.

దీన్నిబట్టి తెలిసేదేమంటే, పడవ రివర్సు గేరు చెడితే చప్పుడు కాదు, పట్టు జారుతుంది. ఇంజను రొద పెరుగుతుంది, పడవ మాత్రం కదలదు. శబ్దం ఘనంగా ఉన్నది గదా అని సరంగు భ్రమపడతాడు. గోడ తగిలినప్పుడే నిజం తెలుస్తుంది.

పట్టుకునే పద్ధతులు పడవ పడవకూ వేరు. కొన్నిటిలో పళ్లెం మీద పళ్లెం పేర్చిన క్లచ్చి. కొన్నిటిలో గరాటు ఆకారంలో ఉండే కోను క్లచ్చి. పెద్దవాటిలో ఆయిలు ఒత్తిడితో పట్టే క్లచ్చి. అమెరికాలో 1947లో వచ్చిన అటామిక్ ఫోర్ అనే పెట్రోలింజను పాత తెరచాప పడవల్లో ఈనాటికీ కనబడుతుంది. దానిది మరో పద్ధతి. వెనక్కి పోవాలంటే ఒక డ్రమ్ము చుట్టూ ఇనుప పట్టీ బిగుసుకోవాలి. పట్టీ అరిగినా, వదులైనా ముందుకు మహారాజులా పోతుంది, వెనక్కి రాదు. పట్టీని బిగించే నట్టు ఒకటి ఉంటుంది. దాన్ని కొద్దికొద్దిగా తిప్పి పరీక్షించుకోవాలి. అటువంటి ఇంజన్లలో రివర్సు లివరును చేత్తో పట్టుకునే ఉండాలి. వదిలితే పట్టు వదులుతుంది. అది జబ్బు కాదు, దాని స్వభావం.

ముందు పెట్టె బయట వెదకండి

రివర్సు పట్టలేదనగానే అందరి చూపూ గేరుబాక్సు మీద పడుతుంది. దాన్ని విప్పడమంటే తల ఆపరేషను చేసినట్లే. పాత ఇంజనుకు సామాను దొరకదు, దొరికినా విదేశాలనుంచి రావాలి. నా అనుభవంలో మాత్రం దోషం చాలాసార్లు పెట్టె బయటనే దొరికింది.

చెన్నపట్నం రేవులో ఒక పెద్దమనిషికి పాత తెరచాప పడవ ఒకటి ఉండేది. ముందుకు పోతుంది, వెనక్కి రాదు. ఇద్దరు మెకానిక్కులు చూసి గేరుబాక్సు పోయిందని తేల్చారు. కొత్తది తెప్పించడానికి ఆయన డబ్బు కూడా సిద్ధం చేసుకున్నాడు. నేను వెళ్లి మొదట పడవను ముందూ వెనుకా నాలుగు తాళ్లతో గట్టుకు కట్టించాను. ఇంజను ఆపి, లివరునుంచి గేరుబాక్సుకు వచ్చే కేబులును దాని పిన్ను తీసి విడదీశాను. తరువాత ఇంజను నడిపించి, మెల్లని వేగంలో ఉంచి, గేరుబాక్సు మీద ఉండే చేతిని, అంటే ఆ చిన్న ఇనుప పిడిని, నా చేత్తోనే వెనక్కి నొక్కాను. పడవ వెనక్కి లాగింది. ముందు తాళ్లు బిర్రుగా నిలిచాయి. గేరుబాక్సు నిర్దోషి!

దోషం ఎక్కడ? సైకిలు బ్రేకు తీగకు పైన ఒక గొట్టం ఉంటుంది చూడండి. ఆ గొట్టం చివర గట్టిగా నిలవకపోతే, మీరు పిడి నొక్కినా గొట్టమే కదులుతుంది గాని బ్రేకు పడదు. పడవ కేబులుకూ అంతే. దాని పైతొడుగును పట్టి ఉంచే బిగింపు ఒకటి ఇంజను పక్కన ఉన్నది. ఉప్పుగాలికి దాని స్క్రూలు రెండూ తిని పోయాయి. లివరు తోసినప్పుడు తొడుగు ఒక మూలకు ఆని నిలిచేది, లాగినప్పుడు జారేది. అందుచేతనే ముందుకు పోయేది, వెనక్కి రాకపోయేది. రెండు కొత్త స్క్రూలతో పని ముగిసింది. ఆ పెద్దమనిషికి నా మాటమీద నమ్మకం కుదరక, పది సార్లు ముందుకూ వెనక్కూ నడిపించి చూసుకున్నాడు.

ఈ పరీక్ష ఎవరైనా చేయించవచ్చు. కాని చేసేవారు పంచె, పైటకొంగు, వదులు చొక్కాలు, జడ తిరిగే షాఫ్టుకు దూరంగా ఉంచుకోవాలి. పైన ఇంజను ఆపగల మనిషి ఒకడు సిద్ధంగా ఉండాలి.

ఇక్కడ ఇంకో సూక్ష్మం ఉన్నది. న్యూట్రలునుంచి ఆ ఇనుప పిడి ముందుకు ఎంత పోతుందో, వెనక్కీ తన చివరిదాకా పోవాలి. కేబులు బిగింపు తేడాగా ఉంటే ఒక వైపు పూర్తిగా, రెండో వైపు అరకొరగా పోతుంది. అరకొరగా పట్టిన క్లచ్చి జారుతుంది, జారి వేడెక్కుతుంది, వేడెక్కి కాలిపోతుంది. అప్పుడు నిజంగానే గేరుబాక్సు విప్పవలసి వస్తుంది. అణాకాసు దోషాన్ని నిర్లక్ష్యం చేస్తే వరహాల దోషమవుతుందన్నమాట.

అటువంటి దోషాలు పెద్ద పడవలకూ తప్పవు. మన నౌకాదళపు తెరచాప నౌక తారిణి ఆరుగురు స్త్రీలతో 2017 సెప్టెంబరు 10న గోవానుంచి బయలుదేరి, భూగోళం చుట్టి, 2018 మే 21న తిరిగి వచ్చింది. ఆ ఆరుగురిలో విశాఖపట్నం ఆడపడుచు స్వాతి, హైదరాబాదు ఆడపడుచు ఐశ్వర్య ఉండడం మనకు గర్వకారణం. దక్షిణ మహాసముద్రపు కొండంత అలలను దాటి వచ్చిన ఆ నౌక, తిరుగు ప్రయాణంలో అనుకోకుండా మారిషస్‌లో ఆగవలసి వచ్చింది. కారణం చుక్కానిని తిప్పే లింకులలో వచ్చిన లోపం. తెరచాపలు, తెరచాప కొయ్య, పడవ ఒళ్లు అన్నీ గట్టివే. చేతికీ యంత్రానికీ నడుమ ఉండే లింకు ఇబ్బంది పెట్టింది. అందుకే నేను మొదట చేతినుంచి యంత్రందాకా ఉన్న దారిని వెదకమంటాను.

ఆయిలు చెప్పే కబుర్లు

కేబులు బాగున్నదని తేలితే తరువాత చూడవలసింది గేరుబాక్సు ఆయిలు. వైద్యుడు నాలుక చాపమన్నట్లు, మెకానిక్కు కొలత పుల్ల తీసి చూస్తాడు. ఇంజను ఆయిలు వేరు, గేరుబాక్సు ఆయిలు వేరు. రెండింటికీ వేరు వేరు కొలత పుల్లలుంటాయి. ఇంజను ఆయిలు నిండుగా ఉన్నదని గేరుబాక్సును మరచిపోయేవారు చాలామంది.

ఆయిలు తక్కువైతే, ఒత్తిడితో పనిచేసే గేరుబాక్సులో క్లచ్చి ఆలస్యంగా పడుతుంది, లేదా పడదు. ఆయిలు నల్లబడి మాడిన వాసన వేస్తే క్లచ్చి జారి కాలుతున్నదని అర్థం. మజ్జిగలా తెల్లగా ఉంటే అందులో నీళ్లు చేరాయన్నమాట. ఆయిలును చల్లబరచే గొట్టాల కూలరుకు చిల్లి పడితే అట్లా అవుతుంది. అటువంటప్పుడు ఆయిలు మార్చి ఊరుకుంటే ప్రయోజనం లేదు. నీళ్లు వచ్చే దారి మూయాలి.

ఏ ఆయిలు పోయాలనే దానిలో మనవాళ్లు చాలా ఉదారులు. ఏది చేతికందితే అది పోస్తారు. కొన్ని గేరుబాక్సులకు మామూలు ఇంజను ఆయిలే వాడాలి. కొన్నిటికి మోటారు కార్లలో ఆటోమేటిక్ గేరుకు పోసే పలుచని ఎర్ర ఆయిలు వాడాలి. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే క్లచ్చి పట్టు తప్పుతుంది. కొలత పుల్లను మరలు బిగించి కొలవాలా, ఊరికే ఆనించి కొలవాలా అన్నది కూడా తయారు చేసినవారు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం పడవలోనే ఉంచాలి. ఇంట్లో బీరువాలో ఉంచితే అది నడిసముద్రంలో అక్కరకు రాదు.

కోను క్లచ్చి ఉన్న పాత గేరుబాక్సుల్లో ఇంకో జబ్బు ఉన్నది. ఏళ్ల తరబడి రాపిడికి ఆ కోను సానరాయిలా నున్నబడి మెరుస్తుంది. చూపుకు అందంగా ఉంటుందిగాని పట్టు ఉండదు. చేయి తిరిగిన మెకానిక్కు దాన్ని తీసి, వాల్వులు రుద్దే మెత్తటి పేస్టుతో రుద్ది, మళ్లీ గరుకు తెప్పిస్తాడు. మరీ అరిగిపోతే మార్చవలసిందే. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు.

సరంగుల తొందర వల్ల కూడా క్లచ్చి పోతుంది. మంచి వేగంతో ముందుకు పోతూ ఒక్కసారిగా రివర్సుకు లాగడం చూడడానికి హుషారుగా ఉంటుంది. లోపల క్లచ్చికి అది చెంపదెబ్బ. వేగం తగ్గించి, న్యూట్రలులో ఒక్క క్షణం నిలిపి, తరువాత రివర్సు వేయాలి. ఆ మీదట కావలసినంత వేగం పెంచుకోవచ్చు.

గేరు పడినా పడవ రాకపోతే

ఒక్కొక్కప్పుడు గేరు నిక్షేపంగా పడుతుంది, షాఫ్టు వెనక్కి తిరుగుతుంది, పడవ మాత్రం కదలదు. అప్పుడు నేరస్థుడు నీటి కింద ఉన్నాడు. పంకాకు వల ముక్కో, తాడో, గోనెసంచో, ప్లాస్టిక్ సంచో చుట్టుకుని ఉంటుంది. సముద్రంలో అయితే గవ్వల పురుగులు పట్టి రెక్కలు మొద్దుబారుతాయి. రివర్సు వేయగానే ఇంజను ఠక్కున ఆగిపోతూంటే కూడా మొదట తాడు చుట్టుకున్నదేమో చూడాలి. నీళ్లలోకి దిగి చూసేముందు ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. ఈ మాట పెద్ద అక్షరాలతో వ్రాయదగినది.

కొన్ని తెరచాప పడవలకు రెక్కలు ముడుచుకునే పంకా ఉంటుంది. తెరచాపతో పోయేటప్పుడు నీటికి అడ్డం రాకుండా అది మొగ్గలా ముడుచుకుంటుంది. రివర్సులో దాని రెక్కలు పూర్తిగా విచ్చుకోకపోతే బలం చాలదు. మామూలు పంకాకు కూడా వెనక్కి లాగే బలం ముందుకు నెట్టే బలంకంటె తక్కువే. దాని రెక్కల వంపు ముందు నడకకోసం చేసింది మరి.

ఇంకొక వింత చెబుతాను. రివర్సు వేయగానే పడవ తిన్నగా వెనక్కి రాకుండా తోక పక్కకు జరుపుతుంది. ముందుకు పోయేటప్పుడు కుడివైపు తిరిగే పంకా ఉన్న పడవ తోక, రివర్సులో ఎడమవైపు జరుగుతుంది. కొత్తవారు దీన్ని చూసి గేరు చెడిపోయిందని కంగారుపడతారు. అది జబ్బు కాదు, పంకా స్వభావం. తెలిసిన సరంగు ఆ గుణాన్నే ఉపయోగించి పడవ తోకను గట్టుకు చేరుస్తాడు.

తెరచాపతో పోయేటప్పుడు, ఇంజను ఆపి ఉండగా గేరు ఎక్కడ ఉంచాలన్నది కూడా తగాదా విషయమే. కొందరు పంకా తిరగకుండా రివర్సులో బిగిస్తారు. కొన్ని గేరుబాక్సులకు అది పనికివస్తుంది. కొన్నిటిలో క్లచ్చి బిగుసుకుని ఊడిరాదు. ఇక్కడ కూడా పుస్తకం చెప్పిందే వేదం.

పారిపోయే షాఫ్టు

ఇక అన్నిటికంటె ప్రమాదమైన దోషం చెబుతాను. పంకా ముందుకు పోయేటప్పుడు షాఫ్టును ఇంజను వైపు నెడుతుంది. రివర్సులో దాన్ని ఇంజనుకు దూరంగా, పడవ వెలుపలికి లాగుతుంది. ఆ లాగుడును ఆపేది గేరుబాక్సుకూ షాఫ్టుకూ నడుమ ఉండే కప్లింగు, అందులో ఒక చిన్న తాళపు ముక్క, రెండు మూడు బిగింపు స్క్రూలు. అవి వదులైతే ముందుకు పోయేటప్పుడు ఏమీ తెలియదు. రివర్సు వేసిన క్షణాన షాఫ్టు జారుతుంది. పూర్తిగా జారితే పంకాతో సహా నీటిలో పడుతుంది. అది ఉన్న చోట పడవ అడుగున గుండ్రని కన్నం మిగులుతుంది. ఇక చెప్పేదేమున్నది?

కొన్నేళ్ల క్రిందట మా పిల్లలు, మనవలు, మనవరాళ్లు, జమ్మలమడుగులో ఉన్న మా వియ్యంకులవారు అందరం కలిసి ఒక జలాశయం చూడబోయాము. అక్కడ ఒక ఆసామి పాత లాంచీ ఒకటి నడుపుతున్నాడు. పిల్లలు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. నేను సరంగుతో అన్నాను:

"నాయనా, తాడు విప్పకముందు ఒక్కసారి రివర్సు వేసి చూపించు."

"యాలప్పా పెద్దాయనా? పొద్దన్నుంచి నాలుగు తూర్లు తిప్పినా. బాగుంది."

"బాగుంటే సంతోషమే. నాకోసరం ఒక్కసారి."

అతను విసుక్కుంటూనే వేశాడు. నేను వెనకాల పలక ఎత్తి షాఫ్టు వైపు చూస్తున్నాను. రివర్సు పడగానే కప్లింగుకు దగ్గర షాఫ్టు మీద వేలి వెడల్పున కొత్త మెరుపు కనిపించింది. అంటే ఇన్నాళ్లూ లోపల దాగిన ఇనుము బయటికి వచ్చిందన్నమాట. గేరు న్యూట్రలుకు వేయించి, ఇంజను ఆపించి, సరంగును పిలిచి చూపించాను. వంగి చూశాడు. బిగింపు స్క్రూ ఒకటి లేనే లేదు. రెండోది చేత్తో తిరిగింది. అతని ముఖం వాడిపోయింది.

"దించండి సామీ, పిల్లోళ్లను దించండి" అని తనే అన్నాడు.

మా చిన్న మనవరాలికి ఏడుపు ఆగలేదు. "జేజినాయన వల్లే పడవ పోలేదు" అని ఇంటికి వచ్చేదాకా నామీద అలిగి కూర్చుంది. నేను అలక తీర్చలేదు. ఆ సరంగు మర్నాడు ప్రొద్దుటూరుకు వచ్చి, కొత్త స్క్రూలు కొనుక్కుని, అవి తిరిగి ఊడకుండా తీగతో ఎట్లా కట్టాలో నా దగ్గర నేర్చుకుపోయాడు. అతను మంచి పనివాడే. షాఫ్టు వైపు చూడమని అతనికి అంతకుముందు ఎవరూ చెప్పలేదు, అంతే.

పడవ ఉన్నవారికి, ఎక్కేవారికి

పడవ నడిపేవారికి నా మనవి ఇది. ప్రతి ఉదయం తాడు విప్పకముందు ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి గేరు వేసి, తాడు బిగుసుకోవడం కంటితో చూడండి. నెలకొకసారి కప్లింగు స్క్రూలను, కేబులు బిగింపులను స్పానరుతో తాకి చూడండి. గేరుబాక్సు ఆయిలు రంగు చూడండి. దోషం కనిపిస్తే ఈ వరుసలో వెదకండి: లివరు, కేబులు, ఇనుప పిడి, ఆయిలు, కప్లింగు, పంకా. ఇవన్నీ బాగున్నాయని తేలిన తరువాతనే గేరుబాక్సు విప్పే మాట తలపెట్టండి. షాఫ్టు కన్నానికి సరిపోయే కొయ్య బిరడా ఒకటి, గుడ్డ చుట్టి, దాని పక్కనే వేలాడదీయండి. దాని అవసరం రాకపోతే మరీ మంచిది.

పడవ ఎక్కే సంసారులకు కూడా ఒక మాట. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో మీరు మరచిపోయి ఉండరు. ఆ ఘోరానికీ రివర్సు గేరుకూ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. నీటిమీద ఏది తప్పినా దిగి నడవలేమన్నదే నా మాట. కనుక ప్రాణరక్షణ చొక్కాలు పిల్లలకు మొదట తొడగండి, తరువాత మీరు తొడుక్కోండి. ఉక్కగా ఉన్నదని విప్పి ఒడిలో పెట్టుకోకండి. జనం ఎక్కువైతే తరువాతి పడవకు ఆగండి. ఆ తరువాత, గట్టుకు కట్టి ఉండగానే, "రివర్సు ఒక్కసారి వేసి చూపిస్తావా నాయనా?" అని సరంగును మర్యాదగా అడగండి.

బంగారం కొనేటప్పుడు గీటురాయి మీద గీయించి చూసే ఊరివాళ్లం మేము. అంగడివాడు అందుకు కోపగించుకోడు; మంచి సరుకున్నవాడు తానే గీసి చూపిస్తాడు. మంచి సరంగూ అంతే. గేరు వేస్తాడు, వెనుక నీళ్లు తెల్లగా నురగలు కడుతూ ముందుకు పొర్లుతాయి, ముందు తాడు బిర్రుగా లేస్తుంది. అది చూసిన తరువాత నిశ్చింతగా కూర్చుని కొండలు చూడండి.